పోలమ్మ ఒప్పుకోని రాజీ

2023 ఆగస్టు నాటికి ఆత్మకూరులో మా వకీలు మేడం దగ్గర నేను గుమాస్తాగా చేరి ఇరవై ఆరేళ్లయింది. వకీలు గుమాస్తా అంటే ఫైళ్లు మోసుకుంటూ వెనకాల నడిచేవాడని చాలామంది అనుకుంటారు. ఫైళ్లు మోస్తాం, నిజమే. ఏ పిటిషన్‌కు ఎంత స్టాంపు అంటించాలి, సాక్షికి రానుపోను ఖర్చుల బత్తా ఎప్పుడు కట్టాలి, ఏ కాగితం కోర్టు ఆఫీసులో ఏ బీరువాలో ఉంటుంది, ఇవన్నీ కూడా మేమే చూస్తాం. వాదించేది వకీలు. వాదనకు కావలసిన కాగితం సమయానికి బల్ల మీద ఉండేలా చూసేది గుమాస్తా. ఆ పని నాకు బాగా వచ్చని చెప్పుకోవడానికి మొహమాటమేమీ లేదు. అయితే ఇప్పుడు చెప్పబోయే కేసులో నేను బాగా చేసిన పని ఒకటుంది, చేయకుండా వదిలేసిన పని ఒకటుంది. రెండూ చెబుతాను.

ఆ నెలలో ఒక సోమవారం, ఆఫీసు తలుపులు తీసేసరికే మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. నన్ను చూడగానే లేచి, ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసి చేతిలో పెట్టింది.

"నా పేరు పోలమ్మ. వరికుంటపాడు అవతల మా ఊరు. మొన్న కోర్టు అమీను వచ్చి నా జీవాల్ని జప్తు చేసినాడు. ఇచ్చేసిన బాకీకి జప్తేంది సార్?"

జీవాలంటే మా వైపు గొర్రెలు. అమీన్ అంటే కోర్టు ఉత్తర్వును అమలు చేసే ఉద్యోగి. ఆ కాగితంలో నలభై గొర్రెల జాబితా ఉంది. వాటిని ఆమె దొడ్డిలోనే ఉంచి, కోర్టు చెప్పేదాకా అమ్మననీ, ఊరు దాటించననీ ఆమె చేత రాయించుకున్నారు. తర్వాత జరగాల్సింది వేలం.

"ఆ అమీను కూడా మంచోడేలే. నా చేతిలో ఏం లేదమ్మా, ఆలస్యం చెయ్యొద్దు, వకీలు కాడికి పో అన్నాడు. ఊరంతా దొడ్డి చుట్టూ చేరింది సార్. ఒక్కొక్క జీవాన్నే పట్టి లెక్క రాస్తా ఉంటే, దొంగసొత్తు పట్టుకున్నట్టే చూసినారు జనం."

కూర్చోబెట్టి సంగతంతా చెప్పించాను. 2019లో గొర్రెలు కొనడానికి కలిగిరి వైపు ఊళ్లో పెద్దరెడ్డి అని అందరూ పిలిచే ఒక రైతు దగ్గర ఆమె లక్షా ఇరవై వేలు తీసుకుంది. ప్రోనోటు మీద సంతకం చేసింది. ప్రోనోటు అంటే అడిగినప్పుడు వడ్డీతో ఇస్తానని రాసిచ్చే కాగితం. 2021 సంక్రాంతి దాటాక పొట్టేళ్లు అమ్మిన డబ్బు తీసుకుపోయి బాకీ మొత్తం ఆయన చేతికే ఇచ్చేసింది. నోటు అడిగితే, బీరువా తాళం కొడుకు దగ్గర ఉందనీ, వాడు వచ్చాక తీసి చింపేస్తాననీ ఆయన చెప్పాడు. ఈమె నమ్మి వచ్చేసింది. ఆ ఏడే జబ్బు చేసి ఆయన పోయాడు. కొడుకు ప్రభాకర్ నెల్లూరులో కాంట్రాక్టు పనులు చేస్తుంటాడు. తండ్రి బీరువాలో నోటు కనపడగానే ఉదయగిరి కోర్టులో దావా వేశాడు.

"రసీదు ఏమైనా ఉందా?" అన్నాను.

"మనిషి చేతికి ఇస్తే రసీదు ఏంది?"

"మరి కోర్టు నుంచి సమన్లు వస్తే ఎందుకు పోలేదు?"

"నాకేం రాలా సార్. ఒట్టు. నాకే కాగితమూ రాలా."

పదిన్నరకు మేడం వచ్చింది. పోలమ్మ చెప్పిందంతా విని, ఆ జప్తు కాగితం చదివి అంది. "పోలమ్మా, నువ్వు బాకీ తీర్చావో లేదో ఇప్పుడు ఏ కోర్టూ అడగదు. నువ్వు రాకపోయేసరికి అవతలి వాళ్ల మాట మీదే డిక్రీ ఇచ్చేశారు. దాన్ని ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు. ఇక జప్తు చేసే దశలో డిక్రీ తప్పో ఒప్పో చూడరు, అమలు చేస్తారు అంతే. ముందు ఆ డిక్రీని కొట్టేయించాలి. అది జరగాలంటే నువ్వు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒకటే. పిలిచినప్పుడు ఎందుకు రాలేదు?"

"నేను బాకీ ఇచ్చేసినానమ్మా."

"ఆ మాట తర్వాత. ఎందుకు రాలేదు?"

పోలమ్మ కోపంగా నా వైపు చూసింది, ఈ మేడంకు తెలుగు రాదా అన్నట్టు. ఇలాంటి చూపులు నాకు కొత్త కాదు. అన్యాయం జరిగిన మనిషి అన్యాయం గురించే మాట్లాడాలనుకుంటుంది. కోర్టు మాత్రం వరసలో అడుగుతుంది. ఆ రెంటి మధ్య కూర్చోవడమే మా ఉద్యోగం.

మర్నాడు మొదటి బస్సుకు ఉదయగిరి వెళ్లి, పర్మిషన్ తీసుకుని దావా కాగితాల కట్ట చూశాను. సమన్లు పట్టుకుపోయిన ఉద్యోగి రాసిన రిపోర్టు స్పష్టంగా ఉంది. 2022 ఏప్రిల్‌లో వెళ్లాడు. ఇంటికి తాళం. ఇంటివాళ్లు ఊళ్లో లేరని, ఎప్పుడొస్తారో తెలియదని పక్కింటివాళ్లు చెప్పారు. రెండోసారి వెళ్లినా అంతే. అప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సమన్లు తలుపుకు అంటించాడు. చట్టం చెప్పిందే చేశాడు, ఆయన తప్పేమీ లేదు. కోర్టు తప్పూ లేదు. పద్ధతి ప్రకారమే పిలిచారు, రాలేదు గనుక డిక్రీ ఇచ్చారు.

కానీ ఆ రిపోర్టులో "ఊళ్లో లేరు" అన్న రెండు మాటల దగ్గర నా వేలు ఆగింది. కట్ట మూయకుండానే పోలమ్మకు ఫోన్ చేశాను.

"పోయినేడు ఏప్రిల్ నెలలో మీరెక్కడున్నారు?"

"ఏప్రిల్ అంటే ఏ కాలం?"

"మంచి ఎండలు. మామిడికాయలు వచ్చే కాలం."

"అప్పుడు ఈడ ఏముంటాం సార్, గడ్డి యాడుంటాది? వరి కోతలైనాక మందను కిందికి తోలుకోని పోతాం. తొలకరి పడినాకే తిరిగి వచ్చేది. ఇంటిల్లిపాదీ పోతాం."

కింద అంటే పెన్నా ఆయకట్టు. కోసిన మళ్లలో గొర్రెలు మేస్తాయి, రాత్రిపూట అక్కడే మంద కడితే పొలానికి ఎరువు. ఒక రైతు మడి నుంచి ఇంకో రైతు మడికి మారుతూ నాలుగైదు నెలలు గడుపుతారు. మెట్ట మండలాల్లో ఇది తెలియనివాళ్లు లేరు. కానీ తెలిసిన సంగతి వేరు, కోర్టులో చూపించే కాగితం వేరు.

"అక్కడుండగా ఏదైనా ఆఫీసుకు పోయినారా? బ్యాంకు, ఆసుపత్రి, ఏదైనా సరే."

"మాకేం జబ్బులు రాలా. జీవాలకే నోట్లో పుండ్లు పడినాయి. ఆ ఊరి పశువులాసుపత్రికి నాలుగు దినాలు తిరిగినాను."

ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో నేను ఇంత సంతోషంగా బస్సెక్కిన రోజులు తక్కువ. ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. ఆసుపత్రిలో ఉద్యోగి పాత రిజిస్టర్ దించి, దుమ్ము దులిపి, పేజీలు తిప్పాడు. పోలమ్మ, వరికుంటపాడు మండలం, గొర్రెలు, నోటిపుండ్లు. వరసగా నాలుగు తేదీలు. అందులో మూడోది సరిగ్గా ఆమె ఇంటి తలుపుకు సమన్లు అంటించిన రోజు.

మేడం దరఖాస్తు పెట్టి ఆ పేజీకి సర్టిఫైడ్ కాపీ తెప్పించింది. సర్టిఫైడ్ కాపీ అంటే అసలుకు సరైన నకలని ఆఫీసువాళ్లు సంతకం, ముద్ర వేసి ఇచ్చేది. ఎవరి మళ్లలో మంద కట్టారో ఆ రైతు చేత అఫిడవిట్ వేయించాం. డిక్రీ కొట్టేయమని ఒకటి, ఆలస్యం మన్నించమని ఒకటి, అంతదాకా వేలం ఆపమని ఒకటి, మూడు పిటిషన్లు దాఖలు చేశాం. వేలం వెంటనే ఆగింది. మిగతా రెండూ వాయిదాలు పడుతూ నడిచాయి.

ఆ వాయిదాల్లో పోలమ్మ ఏ రోజూ డబ్బు సంగతి ఎత్తలేదు. గడ్డి సంగతే. "సార్, జనవరి వస్తా ఉండాది. జీవాల్ని ఊరు దాటించకూడదని రాసిచ్చినాను గదా. ఈడ మేత అయిపోయింది. కిందికి పోకపోతే జప్తు చేసినవీ చస్తాయి, చెయ్యనివీ చస్తాయి."

అవతలి వకీలు గట్టివాడే. సమన్లు పద్ధతిగా అంటించారని వాదించాడు. మేడం కాదనలేదు. "అంటించిన మాట నిజం. అంటించిన రోజు ఈమె ఆ తలుపుకు ఎంత దూరంలో ఉందో ఈ రిజిస్టర్ చెబుతోంది" అని కాగితం జడ్జిగారికి అందించింది. జనవరి మూడో వారంలో ఆర్డరు వచ్చింది. అవతలి వాళ్లకు ఖర్చుల కింద రెండు వేలు కట్టాలన్న షరతుతో డిక్రీ రద్దు. దావా మళ్లీ మొదటికి వచ్చింది. డిక్రీ పోవడంతో జప్తూ పోయింది. మర్నాడు తెల్లవారకముందే మాలకొండయ్య, అంటే పోలమ్మ భర్త, మందను తోలుకుని బయల్దేరాడని ఆమె ఫోన్ చేసి చెప్పింది. ఫోన్‌లో గొర్రెల అరుపులే ఎక్కువ వినపడ్డాయి.

ఇంతవరకూ నేను బాగా చేసిన పని. ఇక రెండోది.

దావా మళ్లీ మొదలైంది కాబట్టి, బాకీ తీరిందా లేదా అన్న ప్రశ్న ఇప్పుడు వచ్చింది. సంతకం నాదేనని పోలమ్మ ఒప్పుకుంది. అలాంటప్పుడు తీర్చానని రుజువు చేసుకోవాల్సిన బరువు ఆమె మీదే ఉంటుంది. రసీదు లేదు. పుచ్చుకున్న మనిషి లేడు. అలాంటి సమయంలో కేసు లోక్ అదాలత్‌కు వెళ్లింది. ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే చోటు అది. ప్రభాకర్ వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, మర్యాదగానే మాట్లాడాడు. వడ్డీ వదిలేస్తాననీ, అసలులో సగం, అరవై వేలు ఇస్తే చాలనీ అన్నాడు.

పోలమ్మను వరండాలోకి తీసుకొచ్చి నేనే నచ్చజెప్పాను. "ఒప్పుకో పోలమ్మా. రుజువు లేని కేసు ఇది. ఓడిపోతే వడ్డీతో రెండు లక్షలు దాటుతుంది. సగంతో పోతుంది, నాలుగు పొట్టేళ్లు అమ్ముకుంటే తీరిపోతుంది."

నేను చెప్పిందంతా విని, అడ్డంగా తల ఊపింది.

"సగం ఇస్తే, సగం బాకీ ఉన్నట్టే గదా మస్తానూ."

అంతవరకూ సార్ అని పిలిచిన మనిషి ఆ రోజు మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. నాకు తెలియకుండానే తల వంగింది.

"నేను ఎగ్గొట్టినానని రాజీలో రాస్తారు. నా సంతకం పెట్టిస్తారు. ఓడిపోతే ఓడిపోతాను. జీవాలు పోతే మళ్లీ సంపాయిస్తాను. ఎగ్గొట్టినానని మాత్రం నా చేత్తో సంతకం పెట్టను."

మేడం నా మీద కోప్పడలేదు. "నువ్వు చెప్పాల్సింది చెప్పావు, ఆమె చెప్పాల్సింది ఆమె చెప్పింది" అని ఊరుకుంది. రాజీ కుదరలేదని రాసుకుని కేసు వెనక్కి పంపారు. తిరుగు బస్సులో పోలమ్మ పక్క సీట్లోనే కూర్చున్నాను. ఏం తోచక, ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను.

"డబ్బు ఇచ్చిన రోజు, ఆ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎందుకు లేరూ. రెడ్డెమ్మ ఉన్నింది. ఆయన లెక్కపెట్టి ఆయమ్మ చేతికే ఇచ్చినాడు, లోపల పెట్టమని. నాకు మజ్జిగ కూడా ఇచ్చింది."

"ఏ రెడ్డెమ్మ?"

"ఆయన పెండ్లాం. ప్రభాకరుకు తల్లి."

నేను సీట్లో నిటారుగా కూర్చున్నాను. "ఈ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వడిగితే గదా. రసీదు ఉందా అన్నావు, లేదన్నాను. సాక్షి ఉండాడా అన్నావు. నోటు మీద సాక్షి సంతకం పెట్టినాయన చచ్చిపోయినాడు, అదే చెప్పినాను."

అవతలి మనిషి తల్లినే మన సాక్షిగా పిలవడం వకీళ్లెవరూ ఇష్టపడే పని కాదు. బోనెక్కి కొడుకు వైపు మాట్లాడితే కేసు అక్కడికక్కడే పోతుంది. మేడం రెండు రోజులు ఆలోచించి, ముందు వెళ్లి మాట్లాడి రమ్మని నన్ను పంపింది. పోలమ్మను కూడా రమ్మన్నాను. రానంది. "నేను పక్కనుంటే నేను నేర్పించినట్టు అవుతాది. నువ్వొక్కడివే పో. గుర్తుంటే చెప్తాది, లేకుంటే లేదు."

రెడ్డెమ్మగారు కలిగిరిలో కూతురి ఇంట్లో ఉంటున్నారు. వెళ్లేసరికి వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. డెబ్బై ఐదేళ్లుంటాయి, చూపు మాత్రం చురుకు. నేనెవరో, ఎవరి తరఫున వచ్చానో దాచకుండా చెప్పి, ఆ తర్వాతే అడిగాను.

"పోలమ్మా? గొర్రెల పోలమ్మ బాకీ ఇంకా ఏంది? ఇచ్చిపోయింది గదా. ఆయన లెక్కపెట్టి నాకిస్తే నేనే లోపల పెట్టినాను. ఇంకో మూడు నెల్లకు ఆయన ఆసుపత్రి ఖర్చులకు ఆ డబ్బే తీసినాం."

"మీ అబ్బాయి ఆ నోటు మీద దావా వేశాడమ్మా."

చింతపండు మీద చేతులు ఆగిపోయాయి. "ప్రభాకరా? నన్నడగలేదే."

"కోర్టుకొచ్చి ఈ మాట చెబుతారా?"

లోపలి నుంచి కూతురు వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"కొడుకు మీద సాక్ష్యం చెప్పమంటా ఉండావు" అన్నారు చివరికి.

"కొడుకు మీద కాదమ్మా. జరిగిన సంగతి చెప్పమంటున్నాను."

"రెండూ ఒకటేలే అబ్బయ్యా." గింజలన్నీ ఒక పక్కకు తోసి, చేతులు తుడుచుకున్నారు. "కాగితం పంపించు. వస్తాను."

బత్తా కట్టి సాక్షి సమన్లు తీయించాను. వాయిదా రోజు పదిన్నరకల్లా కూతుర్ని వెంటబెట్టుకుని, ఆటోలో రెడ్డెమ్మగారు ఉదయగిరి కోర్టు ముందు దిగారు. కొంచెం సేపటికి ప్రభాకర్ వచ్చాడు. సాక్షి పేరు తన వకీలు చెప్పినట్టుంది, ముఖం అప్పటికే నల్లబడి ఉంది.

"ఎందుకొచ్చినావమ్మా ఈడికి? నాకు ఫోన్ చేసుంటే సరిపోయేది గదా."

"నువ్వు చేసినావా నాకు ఫోను? కోర్టుకు పోయేముందు అమ్మా, ఈ నోటు సంగతేందని అడిగినావా?"

"నాయన లెక్కలు నీకేం తెలుసని..."

"నాయన బతికినన్నాళ్లూ ఇంట్లోకి వచ్చిన ప్రతి రూపాయీ నా చేతుల మీదగానే లోపలికి పోయింది రా. నీ ఇంజనీరింగు ఫీజు కూడా. ఆయమ్మ ఇచ్చింది. నేను తీసుకోని లోపల పెట్టినాను. లోపలికి పిలిస్తే ఇదే చెప్తాను. పిలవకముందే నీకు చెప్తా ఉండాను."

వరండాలో ఉన్నవాళ్లందరం తప్పుపట్టినట్టు అతని వైపు చూశాం. ప్రభాకర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తల్లి అబద్ధం చెబుతోందని ఒక్క క్షణం కూడా అతను అనుకోలేదు, అది ముఖంలోనే తెలిసింది. కాసేపటికి తన వకీలును పక్కకు పిలిచి మాట్లాడాడు. కేసు పిలిచినప్పుడు ఆ వకీలు లేచి, దావా నడపడం లేదనీ, బాకీ తీరిందని తన క్లయింటు ఒప్పుకుంటున్నాడనీ చెప్పాడు. జడ్జిగారు ప్రభాకర్‌నే ముందుకు పిలిచి నిజమేనా అని అడిగి, దావా కొట్టేశారు. మా చేతుల్లో ఏడాదిన్నర నడిచిన కేసు పది నిమిషాల్లో ముగిసింది. రెడ్డెమ్మగారు బోనెక్కాల్సిన పని లేకపోయింది.

బయటికి వచ్చాక ప్రభాకర్ నేరుగా పోలమ్మ దగ్గరికి వచ్చాడు. "మూడేళ్లు దాటితే నోటు చెల్లదని తొందరపడి వేసినాను పోలమ్మా. నాకు తెలీదు. నీకైన ఖర్చులు ఇచ్చేస్తాను."

"ఖర్చులు ఇయ్యి రెడ్డా, తీసుకుంటాను. వకీలమ్మకు నేనియ్యాల గదా. ఇంకొకటి కూడా చెయ్యాల నువ్వు. అమీను వచ్చిన దినం ఊరంతా చూసింది. బాకీ తీరిందని కోర్టులో జడ్జిగారికి చెప్తే మా ఊరికి ఎట్ట తెలుస్తాది? మా ఊరికొచ్చి చెప్పు."

అతను తల్లి వైపు చూశాడు. ఆ ఆదివారం అతను పోలమ్మ ఊరికి వెళ్లాడు. నేనూ ఉన్నాను. టీకొట్టు దగ్గర పదిమంది పోగయ్యాక, ఈమె మా నాయనకు బాకీ పూర్తిగా ఇచ్చేసింది, నేను తెలియక కేసు వేసినాను అన్నాడు. రెండే ముక్కలు. అందరికీ వినపడేలాగే చెప్పాడు. పోలమ్మ అతనికి టీ ఇప్పించింది.

కోర్టు నుంచి ప్రోనోటు వెనక్కి తీయించి, దాని మీద ప్రభాకర్ చేత బాకీ చెల్లు అని రాయించి ఆమె చేతిలో పెట్టింది నేనే. చింపేస్తుందనుకున్నాను. కోర్టు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపుకు తీసుకుపోయి లామినేషన్ చేయించుకుంది.

ఈ కేసు తర్వాత నా అలవాట్లు కొన్ని మారాయి. బాకీ తీర్చేవాళ్లు ఎవరొచ్చి అడిగినా, నోటు చేతికి రానిదే డబ్బు ఇవ్వొద్దని, ఇస్తే బ్యాంకు ద్వారానే ఇవ్వమని చెబుతున్నాను. ఇది ఏ గుమాస్తా అయినా చెప్పేదే. నేను అసలు నేర్చుకున్నది వేరే. తల్లిని అడగలేదని ప్రభాకర్‌ను ఆ రోజు వరండాలో అందరం తప్పుపట్టాం. మరి నేను? ఏడాదికి పైగా పోలమ్మ నా ఎదురుగా కూర్చుంటే కాగితాల గురించి అడిగాను, తేదీల గురించి అడిగాను. ఆ రోజు ఆ ఇంట్లో ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పమని ఒక్కసారి అడగలేదు. అడగకుండానే రుజువు లేని కేసని తేల్చేసి, రాజీకి ఒప్పించబోయాను. ఆమె ఒప్పుకోకపోబట్టి సరిపోయింది.

ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా ముందు కాగితాలు అడగడం లేదు. కూర్చోమని, మంచినీళ్లిచ్చి, జరిగిందంతా చెప్పమంటాను. అక్కడ ఎవరెవరున్నారు, ఎవరు ఏమన్నారు, ఎవరి చేతికిచ్చారు. మధ్యలో అడ్డురాను. అరగంట పడుతుంది, ఒక్కోసారి గంట. బయట మిగతా క్లయింట్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.